చేపల మార్కెట్లో పోలీసు రికార్డింగు

ముందే చెప్పేస్తున్నాను. ఆ ఆదివారం నేను చేపల మార్కెట్టుకి వెళ్ళింది పోలీసు శాఖని బాగుచెయ్యడానికి కాదు, కొరమీను కోసం. ఆదివారం పూట కొరమీను పులుసు లేకపోతే మా ఆయన ముఖం మూడు రోజులు చూడలేం.

నా పేరు మాణిక్యాంబ. లంకలపూడి పోలీస్ స్టేషనుకి సరిగ్గా ఎదురుగా ఉన్న జిరాక్సు కొట్టు నాది. స్టేషనులో జిరాక్సు మిషను చెడిపోయి ఆరేళ్ళయింది. అందుచేత "అతి రహస్యం" అని ఎర్ర సిరాతో రాసిన ప్రతి కాగితమూ ముందు నా కొట్టుకే వస్తుంది. నేను చదువుతాను, బావుందనిపిస్తే ఒక కాపీ ఎక్కువ తీస్తాను. ఇరవై ఏళ్ళుగా జనానికి అర్జీలు రాసీ రాసీ ఆ భాష నాకు ఒంటికి పట్టేసింది. ఇంట్లో "తమరు చారు పోసుకొనవలసినదిగా కోరడమైనది" అన్నా మా ఆయన ఏమీ అనుకోరు, పోసుకుంటారు.

సరే, మార్కెట్టు సంగతి. గేటు పక్కన మూడో స్తంభం దగ్గర నూకరత్నం కూర్చుంటుంది. ముప్పై రెండేళ్ళుగా అదే చోటు. మొగుడు పోయినా, మోకాళ్ళు పోయినా ఆ చోటు మాత్రం పోకుండా కాపాడుకొచ్చిన మనిషి. సత్తు బేసినులో నీళ్ళు పోసి, బతికున్న కొరమీనులు వేసి, వాటి మీద తడిగుడ్డ కప్పి కూర్చుంటుంది. ఆ రోజు ఆవిడ ఒక చేపని పైకెత్తి పట్టుకుంది. సైజు మా ఆయనకి చూపిద్దామని నేను ఫోనులో వీడియో తీస్తున్నాను. సరిగ్గా అప్పుడే ఎవరో పెద్దమనిషి కారు ఆ దారిన వస్తోందని కానిస్టేబుల్ సింహాద్రి లాఠీ ఊపుకుంటూ వచ్చాడు.

"లెగవే, లెగు! కారొస్తంది!"

"ఈ అమ్మగోరికి ఒక్క సేప తూసేసి లెగుత్తాను బాబూ," అంది నూకరత్నం.

సింహాద్రికి ఎదుటివాళ్ళ మాట పూర్తిగా వినే అలవాటు లేదు. బూటు కాలితో బేసినుని ఒక్క తన్ను తన్నాడు. బేసిను ఎగిరి గేటుకి తగిలింది. కొరమీనులు రోడ్డు మీద పడి, తలో దిక్కుకీ పాకి, సగం మురిక్కాలవలో దిగిపోయాయి. నూకరత్నం అరవలేదు, తిట్టలేదు. మోకాళ్ళ మీద కూర్చుని చీర కుచ్చెళ్ళు నీళ్ళలో తడుస్తుంటే చేపలు ఏరుకోసాగింది. అది చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోను ఆపడం మర్చిపోయాను. ఆ మర్చిపోవడమే నేను చేసిన నేరం.

సింహాద్రి నన్ను చూశాడు, ఫోను లాక్కున్నాడు, జేబులో వేసుకున్నాడు, వెళ్ళిపోయాడు. పెద్దమనిషి కారు మాత్రం ఆ దారిన రాలేదు, ఇంకో దారిన వెళ్ళిపోయిందట.

సాయంత్రానికి కేసు తయారైంది. నేను కొట్టులో కూర్చుని నా చేతులతో నేనే దాన్ని జిరాక్సు తీశాను. "ముద్దాయి నూకరత్నం, సుమారు కిలోన్నర బరువు గల సజీవమైన కొరమీనుతో ఫిర్యాది కానిస్టేబుల్ వారి ఎడమ చెంపపై కొట్టి, విధి నిర్వహణకు ఆటంకము కలిగించినది. తత్సమయమున ఒక గుర్తుతెలియని మహిళ అనుమతి లేకుండా పోలీసు వారిని వీడియో తీసినందున సదరు సెల్‌ఫోను స్వాధీనపరచుకొనబడినది." ఇరవై ఏళ్ళుగా ఎదురుగా కూర్చున్నదాన్ని, రోజూ వాళ్ళే నా దగ్గరికి కాగితాలు పట్టుకొస్తారు, నేను గుర్తుతెలియని మహిళనట!

మా స్టేషనులో సైకిలు పోయిందని ఫిర్యాదిస్తే, ఇచ్చినవాడు ముసలివాడయ్యాక కదులుతుంది కాగితం. నూకరత్నం మీద చార్జిషీటు మాత్రం మూడు రోజుల్లో కోర్టుకి వెళ్ళింది. పై వారం గురువారానికి వాయిదా ఇచ్చారు. మర్నాడు పొద్దున్నే నూకరత్నం నా కొట్టు మెట్ల మీద కూలబడింది.

"మాణిక్యమ్మగోరూ, కేసు రుజువైతే మార్కెట్లో సోటు రద్దంట కదండీ. మున్సిపాలిటీ ఆయన సెప్పేడు. జైలుకి రమ్మంటే ఎల్తానండి, అక్కడైనా ఇంత కూడు పెడతారు. సోటు పోతే మాత్రం నేనేటైపోవాలండి?"

"నువ్వు కొట్టావా ఆయన్ని?"

"అయ్యబాబోయ్! కిలోన్నర సేప పెట్టి ఆడి సెంప మీద కొట్టుకుంటానా? అమ్ముకుంటాను గానీ."

గుర్తుతెలియని మహిళ మాట కోర్టు నమ్మదు. నూకరత్నం కొట్టలేదని చెప్పే సాక్షి ఇక ప్రపంచంలో ఒక్కటే ఉంది, అది నా ఫోను. అది స్టేషను బీరువాలో ఉంది.

అదృష్టమో ఖర్మో గానీ ఆ మధ్యాహ్నమే జిల్లా ఆఫీసు నుంచి వచ్చిన సర్క్యులరు జిరాక్సుకి తెచ్చారు. చదివి ఎగిరి గంతేశాను. పై కోర్టు వారేదో అక్షింతలు వేసినట్టున్నారు. అందులో ఇలా ఉంది: "విధి నిర్వహణలో ఉన్న పోలీసు సిబ్బందిని ప్రజలు రికార్డింగ్ చేసుకొనుటకు హక్కు కలదు. అట్టి రికార్డింగులకు అమలులో ఉన్న నిబంధనలు వర్తించును." ఒక కాపీ ఎక్కువ తీసి, చేతిలో పట్టుకుని రోడ్డు దాటాను.

స్టేషను రైటరు భీమేశ్వరరావు. ఫైళ్ళన్నీ ఆయన చేతిలోనే ఉంటాయి. ఎస్సైలు వస్తుంటారు, పోతుంటారు, ఆయన మాత్రం ఆ కుర్చీలో పాతుకుపోయాడు. సర్క్యులరు రెండుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి చదివాడు.

"హక్కు ఉందండి, కాదన్ను. కానీ అమలులో ఉన్న నిబంధనలు అంటున్నారు చూశారా? నిబంధన లేకుండా హక్కు నడవదండి," అని లేచి, బీరువా పైనుంచి దుమ్ముపట్టిన ఫైలొకటి దించాడు. అట్ట మీద "రికార్డింగులు – అనుమతులు" అని ఉంది.

నేను గుండె మీద చెయ్యి వేసుకున్నాను. మా వైపు రికార్డింగు అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. తీర్థాల్లో, జాతరల్లో స్టేజీ కట్టి, సినిమా పాటలు పెట్టి, తళుకుబట్టలు వేసుకుని డ్యాన్సు చేస్తారే, అదీ రికార్డింగు. పూర్తి పేరు రికార్డింగ్ డ్యాన్సు. దానికి పోలీసుల అనుమతి కావాలి. లంకలపూడి స్టేషను పుట్టిన దగ్గర్నుంచీ అక్కడ రికార్డింగు అన్న మాటకి అదొక్కటే అర్థం.

"భీమేశ్వరరావు గారూ, అది డ్యాన్సు ఫైలండీ."

"రికార్డింగు ఫైలండి. సర్క్యులర్లో ఏముంది? రికార్డింగు. ఫైలు మీద ఏముంది? రికార్డింగు. డ్యాన్సు అన్న మాట ఇందులోనూ లేదు, అందులోనూ లేదు. మనంతట మనం ఊహించుకోకూడదండి, ఇది డిపార్టుమెంటు," అని ఒక దరఖాస్తు నా ముందు పెట్టాడు.

మొదటి గడి, నిర్వాహకుల పేరు. రెండోది, కళాకారుల పేర్లు, వయస్సు, ఆడ లేక మగ. నేను "కానిస్టేబుల్ సింహాద్రి, నలభై ఆరు, మగ" అని రాశాను. దుస్తుల వివరం దగ్గర "ఖాకీ, మోకాళ్ళ క్రిందకు" అని నింపాను. పాటల జాబితా దగ్గర ఆగిపోయాను. భీమేశ్వరరావు సాయం చేశాడు. "ఈల వేయుట అని రాయండి. లాఠీ ఊపుట అని రాయండి. అవి ఐటమ్సే కదా."

చివర్న హామీపత్రం. "ప్రదర్శనలో ద్వంద్వార్థ సంభాషణలు ఉండవని హామీ ఇచ్చుచున్నాను." అక్కడ మాత్రం నిస్సంకోచంగా సంతకం పెట్టేశాను. సింహాద్రి నోటమ్మట వచ్చే మాటలకి రెండో అర్థం ఏనాడూ ఉండదు. మొదటి అర్థంతోనే ఆడవాళ్ళం చెవులు మూసుకుంటాం.

"ఇంతకీ నా ఫోను ఎప్పుడిస్తారండీ?"

"అక్కడే చిక్కండి. తమరు ముందు తీసి, తరవాత అనుమతి అడుగుతున్నారు. తీర్థం అయిపోయాక స్టేజీకి పర్మిషనిస్తామా? ఇవ్వం. కాబట్టి అప్పుడు తీసింది తియ్యనట్టే లెక్క. మళ్ళీ అనుమతితో తియ్యాలి. అనుమతి ఉన్న వీడియో ఒకటి రికార్డుకెక్కితే, అనుమతి లేనిది తుడిచేసి ఫోను ఇచ్చేస్తాం."

"జరిగిపోయిందాన్ని మళ్ళీ ఎలా తీస్తారండీ?"

"మళ్ళీ జరిపించాలండి," అన్నాడు భీమేశ్వరరావు, పిల్లకి అక్షరాలు దిద్దించే ఓపికతో.

ఎస్సై త్రినాథరావు వయసులో చిన్నవాడు, ఉత్సాహంలో పెద్దవాడు. దరఖాస్తు చూడగానే కుర్చీలోంచి లేచాడు. "అమ్మా, ఇది మామూలు విషయం కాదు. ప్రజా-పోలీసు సత్సంబంధాల దిశగా ఒక మైలురాయి. రాష్ట్రంలోనే ప్రప్రథమంగా, అధికారిక అనుమతితో, శాంతిభద్రతలకు విఘాతం కలగకుండా, విధి నిర్వహణని ప్రజలకి చూపించబోతున్నాం. డీఎస్పీ గారిని ముఖ్యఅతిథిగా పిలుస్తాను. షామియానా మనమే వేయిద్దాం."

"సార్, ఆ ముసలామె చోటు పోతుందండీ. ఆ వీడియో కోర్టులో చూపిస్తే చాలు."

"చోటు గురించి మీరు బెంగ పెట్టుకోవద్దు. స్టేజీ ఆమె చోటు పక్కనే వేయిస్తాను," అన్నాడాయన.

శనివారం సాయంత్రం స్టేషను వెనక మర్నాటి కార్యక్రమానికి రిహార్సలు పెట్టారు. ఆ ఖాళీస్థలంలో పట్టుబడ్డ మోటారుసైకిళ్ళు తుప్పుపడుతుంటాయి. నూకరత్నాన్నీ నన్నూ పిలిపించారు. ఎస్సై చేతిలో "ఆమోదిత దృశ్య వివరము" అని మూడు పేజీల కాగితం ఉంది. అదీ నా కొట్టులో తీసిన జిరాక్సే.

దృశ్యం ప్రకారం సింహాద్రి నెమ్మదిగా నడిచి వచ్చి, నమస్కారం పెట్టి, "అమ్మా, తమరి బేసినును దయచేసి ప్రక్కకు జరుపవలసినదిగా ప్రార్థన" అనాలి.

సింహాద్రి వచ్చాడు. నమస్కారం పెట్టాడు. "అమ్మ..." అన్నాడు. అంతే. ఇరవై రెండేళ్ళ అలవాటు కొద్దీ, అతని నోట ఆ మాట వెనకాల ఎప్పుడూ వచ్చే మాట వచ్చేసింది. నూకరత్నం చెవులు మూసుకుంది.

"కట్!" అని అరిచాడు ఎస్సై. "సింహాద్రీ, అమ్మ దగ్గర ఆగి, దీర్ఘం తియ్యి. అమ్మా! ఆ దీర్ఘంలో గౌరవం ఉంటుంది."

"దీరగం తీత్తే ఊపిరాడట్లేద్సార్," అన్నాడు సింహాద్రి, చెమట తుడుచుకుంటూ. నిజంగానే అతనికి కష్టంగా ఉంది. పదకొండుసార్లు చేయించారు. పదకొండుసార్లూ దీర్ఘం దగ్గర తడబడ్డాడు. పన్నెండోసారి ఎలాగో గట్టెక్కాడు, అందరం చప్పట్లు కొట్టాం.

"ఇప్పుడు నూకరత్నమ్మ," అని ఎస్సై కాగితం తిప్పాడు. "నువ్వు బేసినులోంచి ఒక కొరమీను తీసి, ఈయన ఎడమ చెంప మీద కొట్టాలి. మరీ గట్టిగా వద్దు. ఎడమ చెంప, గుర్తుంచుకో."

అప్పటిదాకా ఇదంతా వెర్రి అనుకున్నాను, ఇంత పద్ధతైన వెర్రి అనుకోలేదు.

"నేను కొట్టలేదు కదా బాబూ," అంది నూకరత్నం.

"అందుకే ఇప్పుడు కొట్టమంటున్నాం. ఎఫ్ఐఆర్‌లో ఏముందో అదే దృశ్యంలో ఉండాలి. ఎఫ్ఐఆర్‌లో లేనిది ఆడిస్తే ప్రభుత్వ రికార్డుని తారుమారు చేసిన నేరం నా మీద పడుతుంది. చట్టం ముందు అందరం సమానమే కదమ్మా."

"సార్, రేపు ఈమె కొడితే, మీ అనుమతి ఉన్న వీడియోలో కొట్టినట్టే ఉంటుంది. దాన్నే కోర్టులో పెడతారు. అంతేనా?" అన్నాను.

"పారదర్శకత అంటే అదేనమ్మా," అన్నాడు ఎస్సై, మనస్ఫూర్తిగా.

"ఈమె రాకపోతే?"

"రికార్డింగుకి సహకరించనందుకు ఇంకో కేసు అవుతుంది. ఆ సెక్షను రైటరు గారు వెతుకుతున్నారు."

ఇంటికి వెళ్తుంటే నూకరత్నం నా పక్కనే నడిచింది. నేనే ఆగలేక ఏడ్చాను. నావల్లే కదా ఇదంతా, సర్క్యులరు పట్టుకుని రోడ్డు దాటకపోయినా బావుండేది. చివరికి సందు మలుపు దగ్గర ఆగి ఆవిడే అంది, "ఏడకండమ్మగోరూ. రేపు ఎల్లి నా సోటులో నేను కూకుంటాను. సేపలు అమ్ముకుంటాను. నాకొచ్చింది అదే. ఇంకేటీ సెయ్యను."

ఈలోగా ఎస్సై ఊరంతా ఆటోలో మైకు తిప్పించాడు. "రేపు ఆదివారం ఉదయం పది గంటలకు చేపల మార్కెట్టు ఆవరణలో పోలీసు వారి రికార్డింగు! పోలీసు వారి రికార్డింగు! తామెల్లరూ సెల్‌ఫోన్లతో విచ్చేసి, హక్కును వినియోగించుకోవలసినదిగా ప్రార్థన!"

మైకు విన్నవాళ్ళెవరికీ హక్కు అన్న మాట వినపడలేదు. రికార్డింగు అన్న మాట చుట్టుపక్కల ఏడు ఊళ్ళకి వినపడింది. పొద్దున్న ఎనిమిదింటికల్లా ఏటి మధ్య లంకల్లోంచి పడవలెక్కి వచ్చేశారు జనం. పోలీసులే డ్యాన్సు చేస్తున్నారట అని ముసలివాళ్ళు కూడా కర్రలూతగా వచ్చారు. శనగలవాడు బండి పెట్టాడు. గేటు దగ్గర భీమేశ్వరరావు బల్ల వేసుకుని, వచ్చినవాళ్ళ ఫోన్లన్నిటికీ "అనుమతించడమైనది" అని రబ్బరు స్టాంపు గుద్దాడు. మొదటి ఇరవై ఫోన్ల మీద సిరా నిలవకపోతే, ఆ తరవాత వాళ్ళకి ముంజేతుల మీద గుద్దేశాడు. మూడు వందల మందికి పైగా ముంజేతుల మీద ప్రభుత్వ ముద్రతో, ఫోన్లెత్తి నిలబడ్డారు.

డీఎస్పీ గారు వచ్చి ప్రసంగించారు. "కెమెరా అనేది పోలీసుకి శత్రువు కాదు. సముచితమైన దూరంలో, సముచితమైన కోణంలో, సముచితమైన సమయంలో పెట్టిన కెమెరా పోలీసుకి మిత్రుడు." వెనకనించి ఎవడో "పాట పెట్టండెహే!" అని అరిచాడు.

నూకరత్నం మూడో స్తంభం దగ్గర ఎప్పట్లాగే కూర్చుంది. బేసినులో నీళ్ళు, నీళ్ళలో చేపలు, చేపల మీద తడిగుడ్డ. ఎస్సై చెయ్యి ఊపాడు. సింహాద్రి షామియానా వెనకనుంచి వచ్చాడు. ఇస్త్రీ బట్టలు, ముఖానికి పౌడరు. అంతే, ఈలలు! రుమాళ్ళు తిప్పుతున్నారు, "సింహాద్రన్నా, నడుం తిప్పన్నా!" అంటున్నారు. అతను నడుస్తుంటే అడుగడుక్కీ డప్పు వాయించాడు ఒకడు. సింహాద్రి చెవులు ఎర్రబడ్డాయి.

నూకరత్నం ముందు ఆగాడు. నమస్కారం పెట్టాడు.

నూకరత్నం అతన్ని చూడనే లేదు. ఒకాయన కొరమీను బేరం చేస్తుంటే ఆయనతో మాట్లాడుతోంది. "తల తీసెయ్యమంటారా, ఉంచమంటారా?"

షామియానా పక్కనుంచి ఎస్సై గొంతు తగ్గించి, మైకు ఆపలేదన్న సంగతి మర్చిపోయి, "అమ్మా, చేప తియ్యి! చేప తియ్యి! ఎడమ చెంప!" అన్నాడు. ఊరంతా వింది.

"తీత్తన్నాను బాబూ, ఆగండి. ఈయన ముందొచ్చేడు," అంది నూకరత్నం, చేప తీసి తక్కెట్లో వేసి.

జనం విరగబడి నవ్వారు. సింహాద్రి నిలబడే ఉన్నాడు. "డాన్సు లేదా?" "పొలీసోడికి సిగ్గేస్తందిరోయ్!" పెద్దగా ఊపిరి పీల్చుకున్నాడు. "అమ్మ..." అన్నాడు. దీర్ఘం కోసం అతను పడుతున్న అవస్థ నాకు కనిపిస్తూనే ఉంది. మెడ నరాలు ఉబ్బాయి. ఎస్సై గాలిలో చేత్తో దీర్ఘం గీస్తున్నాడు.

దీర్ఘం రాలేదు. రెండో మాట వచ్చింది. దాని వెనక మూడోది, నాలుగోది కూడా వచ్చాయి. వాటితోపాటు బూటు కాలూ వచ్చింది. బేసిను ఎగిరి డీఎస్పీ గారి కుర్చీ దాకా వెళ్ళింది. కొరమీనులు స్టేజీ మీద గిలగిల్లాడాయి. నూకరత్నం అరవలేదు, తిట్టలేదు. మోకాళ్ళ మీద వంగి ఏరుకోసాగింది.

మూడు వందల ఫోన్లు, అన్నీ అనుమతి పొందినవే, కాలు లేచిన దగ్గర్నుంచి చేప దొరికిందాకా అన్నీ తీశాయి. తరవాత వెనక వరుసలోంచి ఒక గొంతు, "వన్స్ మోర్!" అంది.

గురువారం వాయిదా దాకా ఆ నాలుగు రోజులూ సింహాద్రి పడ్డ పాట్లు చూస్తే, చెప్పకూడదు గానీ, నాకే జాలేసింది. వీధిలో వెళ్తుంటే ఈలలు. అత్తారింటి నుంచి ఫోను, అల్లుడు గారు డ్యాన్సు నేర్చుకున్నారటగా అని. పక్క ఊరి జాతర కమిటీ వాళ్ళు తాంబూలం పట్టుకుని స్టేషనుకే వచ్చి, "ఒక్క రాత్రికి రెండు ఐటమ్సు చాలండి, బేసిను మేం తెచ్చుకుంటాం," అన్నారు. నా కొట్టుకి కాగితాలు తెచ్చినప్పుడు తల ఎత్తేవాడు కాదు. "నేను పోలీసునండి, మాణిక్యమ్మ గారూ," అన్నాడొకసారి, ఎవరో కాదన్నట్టు. ఎదురుగా ఉన్నదాన్ని నన్ను ఆ రోజు గుర్తుపట్టాడన్నమాట.

గురువారం వచ్చింది. కోర్టు నిండిపోయింది. మేజిస్ట్రేటు గారు నడివయసు ఆవిడ, ముఖంలో ఏ భావమూ కనపడనివ్వరు. బోనులో నూకరత్నం, ఆమె పక్కన మా వకీలు. ఎదురుగా ప్రభుత్వ వకీలు, ఎస్సై, రైటరు, సింహాద్రి.

ప్రభుత్వ వకీలు లేచారు. "యువర్ ఆనర్, మొదటి వీడియో అనుమతి లేకుండా తీసినది, నిబంధనల ప్రకారం తుడిచివేయబడినది, కాబట్టి లేదు. రెండవ వీడియో అనుమతి పొందినది, కానీ అది ప్రదర్శన. దరఖాస్తులో స్పష్టంగా కళాకారుడు అని ఉంది. నిర్వాహకురాలు మాణిక్యాంబ, కళాకారుడు సింహాద్రి. అందులో తన్నినది కానిస్టేబుల్ సింహాద్రి కాదు, కళాకారుడు సింహాద్రి. నటన వేరు, విధి నిర్వహణ వేరు."

ఆ దరఖాస్తు నా చేతిరాతే. కళాకారుడు అని రాసింది నేనే. నూకరత్నం నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, అందుకే నాకు ఇంకా ఏడుపొచ్చింది.

ప్రభుత్వ వకీలు హుషారుగా సింహాద్రి వైపు తిరిగారు. "మీరు చెప్పండి. ఆ ఆదివారం మీరు చేసింది నటనే కదా? చాలా సహజంగా, ఉత్తమ కళాకారుడిలాగా నటించారు కదా?"

వెనక బల్లల దగ్గర ఎవడో సన్నగా ఈల వేశాడు. ఇంకొకడు కిసుక్కుమన్నాడు.

సింహాద్రి ముఖం కందగడ్డలాగా అయింది. ఎస్సై అవునని చెప్పమని తల ఊపుతూనే ఉన్నాడు. సింహాద్రి అటు చూడలేదు.

"ఎవడండీ కళాకారుడు?" అన్నాడు. "కాదండి! నాకు ఆట రాదండి, పాట రాదండి. అమ్మా అని దీరగం తియ్యమంటే రాలేదండి, వీళ్ళందరూ చూశారండి. నేను యాక్టరు కాదండి, డ్యాన్సరు కాదండి. డ్యూటీలోనే తన్నానండి! మొదటిసారీ డ్యూటీలోనే తన్నానండి, రెండోసారీ డ్యూటీలోనే తన్నానండి. ఇరవై రెండేళ్ళుగా తంతానే ఉన్నానండి, ఒక్కడు కూడా నన్ను కళాకారుడనలేదండి!"

రైటరు భీమేశ్వరరావు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

మేజిస్ట్రేటు గారు అడిగారు, "ఆమె మిమ్మల్ని చేపతో కొట్టిందా?"

"లేదండి. ఆవిడ సేపలు ఏరుకుంటందండి."

"రెండోసారి?"

"రెండోసారీ ఏరుకుంటందండి." ఆ మాట అన్నాక సింహాద్రి గొంతు ఎందుకో తగ్గింది. నూకరత్నాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

టైపిస్టు తల ఎత్తి, "తన్నాను అన్నదాన్ని ఏమని టైపు చెయ్యమంటారండీ? పాదముతో స్పృశించితిని అని రాయనా?" అని అడిగాడు. "ఆయన ఏమన్నారో అదే రాయండి," అన్నారు మేజిస్ట్రేటు గారు. టకటకా ఆ చప్పుడు చాలాసేపు వినపడింది.

కేసు కొట్టేశారు. ప్రజలు పోలీసులని వీడియో తీసుకోవడానికి ఏ కాగితమూ అక్కర్లేదనీ, నా ఫోను వెంటనే ఇవ్వాలనీ కూడా చెప్పారు. ఎస్సై తల వంచుకుని రాసుకున్నాడు. ఫోను ఈ రోజుకీ రాలేదు. దాన్ని వాపసు చేస్తున్నప్పుడు వీడియో తియ్యడానికి ఎవరి అనుమతి కావాలో స్టేషను వాళ్ళు పై ఆఫీసుకి రాసి అడిగారట. ఆ ఉత్తరం జిరాక్సు నేనే తీశాను.

ఆ రోజు కోర్టులో, తీర్పు చెప్పేశాక మేజిస్ట్రేటు గారు బోను వైపు తిరిగి, "అమ్మా, మీరు చెప్పుకునేది ఏమైనా ఉందా?" అన్నారు.

నేను అనుకున్నాను, ఇప్పుడైనా అరుస్తుంది, ఇప్పుడైనా తిడుతుంది అని. ఎన్నాళ్ళ కడుపుమంట ఉందో ఆ మనిషికి. నూకరత్నం బోను కర్ర పట్టుకుని ముందుకి వంగింది.

"నా సోటు నాకుంటాదాండి?"

"ఉంటుంది."

"అయితే నేనెల్తానండి," అని చేతులు జోడించి, మెట్లు దిగడానికి మోకాలు పట్టుకుంది. "సేపలు ఎండలో ఉన్నాయండి."